తీగ లేని కొక్కెం

అదిగో, మళ్ళీ గోడవైపే తిరిగావు. నా చెప్పుల చప్పుడు విన్నావు, తిరిగావు. నాలుగు రోజులుగా ఇదే వరస. నర్సుతో మాట్లాడతావు, పక్క మంచం ముసలామెతో మాట్లాడతావు, మరిది వస్తే మాత్రం నీకు నిద్ర ముంచుకొస్తుంది. నిద్రపోయేవాళ్ళ వీపు అంత బిగుసుకుపోయి ఉంటుందా వదినా?

సరే, తిరగొద్దులే. విను, చాలు.

అన్నయ్య బయట బెంచీ మీద ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాడు. "దానికి బుద్ధుండక్కర్లా? రెండు చేతులతో నొక్కమని మిషను మీద బొమ్మేసి మరీ అంటించారు కదరా!" అని అరుస్తాడు, అరిచి ఆయనే ఏడుస్తాడు. ఆ బొమ్మ వేసింది నేనేనని గుర్తుకూడా లేదు ఆయనకి. నీకుంది. "మా బొమ్మల మరిది చేతులు ఎంత నాజూగ్గా వేశాడో చూడండే, రేకులు పట్టే చేతులేనా ఇవి" అని ఫ్యాక్టరీలో అందరి ముందూ నా పరువు తీశావు.

ఎందుకు చెప్పావు వదినా అలా? ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ఈ మంచం దగ్గరికొచ్చి అడిగితే, "ఎవరూ చూపించలేదు, ఆ బటను నా అంతట నేనే కట్టేసుకున్నాను" అని ఎందుకు చెప్పావు? ఎవర్ని కాపాడదామని?

నన్నేగా?

నిన్న నన్ను పిలిపించాడాయన. టేబులు మీద రెండే ఉన్నాయి. నేను గీసిన డ్రాయింగు, మూతలు కొట్టే మీ ప్రెస్సు ఫోటో.

"ఈ మిషను మీ వర్క్‌షాపుదేనా?"

"అవును సార్."

"డిజైను మీదేనా?"

"నాదే సార్."

"రేకు మీద డై అచ్చు దిగి మూత కొట్టడానికి రెండు బటన్లెందుకు? ఒకటి నొక్కితే దిగదా?"

"దిగుతుంది సార్" అన్నాను. "రెండోది మిషను కోసం కాదు, చెయ్యి కోసం. డై దిగేటప్పుడు కుడి చెయ్యి ఒక బటను మీద, ఎడమ చెయ్యి ఇంకో బటను మీద ఉంటే, కింద నలగడానికి చెయ్యే ఉండదు. ఆ బటను చేసే పనల్లా చేతిని ఖాళీగా ఉండనివ్వకపోవడమే."

ఎంత బాగా చెప్పానో! పాఠం చెప్పినట్టు చెప్పాను. ఆయన కూడా తలూపాడు. తర్వాత ఫోటో మీద పెన్ను ఆనించాడు. ఎడమ బటను పక్కన, బొటనవేలంత ఇనప కొక్కెం.

"మరి ఇది దేనికి?"

"తీగలు పట్టి ఉంచడానికి సార్."

అనేశాను వదినా. నోరు కూడా తడబడలేదు. డ్రాయింగులో అలాగే ఉంది, 'తీగల కొక్కెం' అని. నా చేతిరాతే. చెప్పింది రాసుకుని సంతకం పెట్టమన్నాడు, పెట్టేసి వచ్చాను.

తీగల కొక్కెమట! దానికి జానెడు దూరంలో ఎక్కడైనా తీగనేది ఉందా? ఏడాదిగా దాని ముందు కూర్చున్నదానివి, నీకు తెలీదూ?

అసలు మొదట్లో కొక్కెమే లేదు. ప్రెస్సు బిగించిన నెలకి మీ ఓనరు ఫోను చేశాడు. "ఏమయ్యా, నీ మిషనొచ్చాక మూతలు సగానికి పడిపోయాయి. రెండు చేతులూ బటన్ల మీదుంటే రేకు ఎవడు పెడతాడు, నువ్వొచ్చి పెడతావా?" అని. వచ్చి చూస్తే ఏముంది, మీ ఆడవాళ్ళంతా ఎడమ బటన్ని గుడ్డ పేలికతో నొక్కిపట్టి కట్టేసి, ఎడం చేత్తో రేకు పెడుతూ కుడి చేత్తో కొడుతున్నారు. పేలిక జారినప్పుడల్లా మిషను ఆగిపోతోంది. ఆయన గోలంతా ఆ పేలిక గురించే. చేతుల గురించి ఒక్క ముక్క లేదు.

ఆ రోజే పేలికలు విప్పి పారేయాల్సింది. రెండు బటన్లూ ప్రతిసారీ వదిలి మళ్ళీ నొక్కితే తప్ప కదలకుండా వైరింగు మార్చొచ్చు. నాకొచ్చు ఆ పని. ఒక్కరోజు పని! మారిస్తే మూతలు ఇంకా తగ్గుతాయి. "జారకుండా ఏదో ఒకటి చెయ్యి, లేకపోతే నీ మిషను నువ్వే ఎత్తుకుపో" అన్నాడు ఓనరు.

నా మొదటి మిషను వదినా అది. ఎవరి కిందో కాకుండా నా అంతట నేను గీసిన మొదటిది. లారీలో వెనక్కొస్తే వర్క్‌షాపులో తలెత్తుకోగలనా?

కొక్కెం గీశాను.

రబ్బరు బ్యాండు దానికి తగిలించి, బటను మీంచి లాగి, అవతల బోల్టుకి వేస్తే ఇక జారదు. అంచులు పదునుగా ఉన్నాయని ఆకురాయితో నేనే నున్నగా రాశాను. ఎందుకో తెలుసా? బ్యాండు తగిలించేటప్పుడు మీ వేళ్ళు గీరుకుంటాయని!

వేళ్ళు గీరుకుంటాయని, వదినా.

డ్రాయింగులో ఏం రాయను? 'బటను కట్టేసే కొక్కెం' అని రాస్తానా? తీగల కొక్కెం అని రాశాను. రాస్తుంటే నవ్వొచ్చింది కూడా. బిగించిన రోజు మిషను దగ్గర నువ్వే ఉన్నావు. నీ ఎడం చెయ్యి పట్టుకుని, బ్యాండు ఇలా వేయాలని నేనే చూపించాను. "భలే ఉందబ్బాయ్, ఇప్పుడు ప్రాణం హాయిగా ఉంది" అన్నావు. పొంగిపోయాను.

ఆ చెయ్యే ఇవాళ ఇలా కట్టుతో, నాలుగు వేళ్ళు లేకుండా...

లేదులే. ఏడవడం లేదు. నీ దిండు అంచు సర్దుతున్నాను.

ఇవాళ పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను ఆయన దగ్గరికి. ఆఫీసు తలుపు తీయకముందే వెళ్ళి నిలబడ్డాను. "నిన్న అబద్ధం చెప్పాను సార్. అది బటను కట్టేయడానికే చేశాను. ఎలా కట్టాలో ఆవిడకి నేనే చూపించాను" అన్నాను.

ఏమన్నాడో తెలుసా? "ఆవిడ మీకేమవుతారు?"

"వదిన సార్. మా అన్నయ్య భార్య."

పెన్ను మూత పెట్టేశాడు. "అదీ సంగతి. చూడండి, తీగల కొక్కెం అని మీరే రాశారు, నిన్న మీరే చెప్పారు. వస్తువు దేనికో చేసినవాడు రాసిన మాటే మాకు ప్రమాణం. ఆవిడ దాన్ని వేరే పనికి వాడుకుంది. తనే ఒప్పుకుంది కూడా."

"చేసినవాణ్ణి నేనే కదా సార్ చెబుతున్నాను!"

"చేసేటప్పుడు ఏమనుకున్నారో కాగితం చెబుతోంది. ఇప్పుడేమంటున్నారో బంధుత్వం చెబుతోంది."

ఊరుకోలేదు నేను. ఆయన గది తలుపు మూసుకుపోకుండా కింద పాత ఫైళ్ళ కట్ట అడ్డం పెట్టుంది. "అదేం చేస్తోంది సార్ అక్కడ? తలుపు ఆపడానికని ఆ ఫైళ్ళ మీద ఎవరైనా రాశారా? రాయలేదని తలుపు ఆగడం మానేసిందా?" అన్నాను. ఆయన తలుపు వంక చూశాడు, నా వంక చూశాడు. "మాటలు బాగా చెబుతారు మీరు. నిన్న కూడా బాగానే చెప్పారు" అన్నాడు.

అయినా కదల్లేదు నేను, ఆ టేబులు ముందే నిలబడ్డాను.

ఒక్క దారుందన్నాడు వదినా. నువ్వు నీ మాట మార్చి, మరిదే చూపించాడని చెబితే, ఇద్దరి మాటలూ కలుస్తాయి, మళ్ళీ విచారిస్తానన్నాడు. రేపు మధ్యాహ్నం లోపల. ఆ తర్వాత రిపోర్టు వెళ్ళిపోతుంది. 'కార్మికురాలు స్వయంగా చేసిన నిర్లక్ష్యం' అని. ఫ్యాక్టరీ చేతులు దులుపుకుంటుంది. అన్నయ్య బతికినంతకాలం నిన్నే తిడతాడు.

ఆఁ? ఏమన్నావు? గట్టిగా చెప్పు.

నా ఉద్యోగం... ఇంట్లో ఒక్కరైనా పనిలో ఉండాలనా? నా భార్య నెలలు నిండి ఉందనా? ఓహో. గోడవైపు తిరిగి నిద్రపోతున్నావనుకున్నాను. ఇవన్నీ ఆలోచిస్తున్నావన్నమాట.

వద్దు వదినా. నన్నలా మోయొద్దు. నీ చెయ్యీ పోయి, నీ పేరూ పోయి, నేను మాత్రం టేబులు ముందు కూర్చుని ఇంకో మిషను గీసుకోనా? పోనీ నీ సంగతి వదిలెయ్. నీ సీట్లో ఎవరో కొత్తామెని కూర్చోబెట్టారట, మీ సూపర్‌వైజరు చెప్పాడు. అదే కొక్కెం, అదే బ్యాండు. నీ రక్తం కడిగి మిషను నడిపిస్తున్నారు.



సరే. అయితే ఇది కూడా విను. నువ్వు ఎవర్ని కాపాడుతున్నావో నీకు తెలియాలి.

ఆ ఇన్‌స్పెక్టరు నన్ను నమ్మనని పెన్ను మూసేశాడు చూడు, అప్పుడు పైకి కొట్లాడాను కానీ, లోపల... హమ్మయ్య అనుకున్నాను. నిజంగా. చెప్పాల్సింది చెప్పేశాను, నమ్మకపోతే నేనేం చేస్తాను అనుకున్నాను.

ఇనుము కోసే రంపం సంచిలో పెట్టుకునే బయల్దేరాను ఇవాళ. ఆయన దగ్గర్నుంచి నేరుగా ఫ్యాక్టరీకెళ్ళి, ఎవడు అడ్డొచ్చినా సరే, ఆ కొక్కేన్ని మొదలంటా కోసేద్దామని. మలుపు దాకా వెళ్ళాను. అక్కడ నిలబడితే మిషను చప్పుడు వినిపిస్తుంది కదా, వినిపించింది. ఒక్కో దెబ్బా వినిపించింది.

ఇటు తిరిగి వచ్చేశాను.

అందుకే చెబుతున్నాను, రేపు ఆయనకి నువ్వే చెప్పు, నాకు వదిలెయ్యొద్దు వదినా. నాకు వదిలేస్తే నేను బతికిపోతాను. నాకు తెలుసు నా సంగతి. వచ్చే దారిలో టీ తాగాను. నీ దగ్గరికొస్తూ, ఇదంతా నీకెలా చెప్పాలా అనుకుంటూ, రోడ్డు పక్కన నిలబడి టీ తాగాను. బాగుంది. ఇంకో కప్పు ఇమ్మన్నాను.