బాలమల్లు కత్తి, పాల్మాకుల బోరు

శంషాబాద్‌లో నెత్తి మీదుగా విమానం దిగేటప్పుడు ఎవరైనా మాట ఆపుతారు, ఎట్లాగూ వినపడదు కాబట్టి. బాలమల్లు ఆపడు. యోనా చాయ్ కొట్టు ముందు బల్ల మీద ఆయన కూర్చున్నాడంటే, పైన ఏది పోతున్నా కింద కోతలు ఆగవు.

ఆ సాయంత్రం సునీల వచ్చింది ఆయన కోసమే. తెల్లారితే ఎయిర్‌పోర్టు క్యాబ్ డ్రైవర్లకు నలభై డబ్బాల పండ్ల ముక్కలు అందించాలి. ఆమె మొదలుపెట్టిన వ్యాపారానికి అదే తొలి ఆర్డరు. ఇంట్లో కత్తేమో బొప్పాయిని కోయడం మానేసి పిసుకుతోంది. సానబట్టే సామాను కొందామని ఫోన్ తెరిస్తే రాళ్లు, కడ్డీలు, చక్రాలు చూసి తల తిరిగింది. కాటేదాన్ కార్ఖానాల్లో పనిచేసిన మనిషి కదా, ఆయనకు తెలుస్తుందని కత్తినీ ఒక బొప్పాయినీ సంచిలో వేసుకొచ్చింది.

"బాపూ, కొత్తగ నేర్చుకునేటోళ్లకు ఏది మంచిగుంటది?"

అడగడమే ఆలస్యం.

"మంచి మనిషినే అడిగినవ్ బిడ్డా! నేను గూడ మొదట్ల నీ లెక్కనే. పన్నెండు రాళ్ల సెట్టు తెచ్చుకున్న. గరుకుది, దానికంటె నున్నటిది, దానికంటె నున్నటిది, గట్ల పన్నెండు. మొదటి రాయి మీద మా ఇంటామె కొండమ్మ కత్తి జర నూరి టమాట మీద వెట్టిన. ఒత్తనే లేదు, కత్తి బరువుకే తెగింది."

"గింతవరకు నమ్మొచ్చు," అన్నాడు కార్గోలో డ్యూటీ దిగి వచ్చిన గోవర్ధన్, బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ.

"నమ్ముడేంది, ఇగ విను. మూడో రాయి కాడికి వొయ్యేసరికి, ఉల్లిగడ్డ తెగినట్టు ఉల్లిగడ్డకే తెల్వలే. పొద్దుగూకెదాక గుండ్రంగనే కూసున్నది. కొండమ్మ ముట్టుకుంటెనే రెండైంది. ఆరో రాయి అయినంక ఏమైందో ఎరుకేనా?"

"చెప్పు చెప్పు."

"కత్తి చెయ్యి జారింది. పీటను కోసింది, పీట కింద బండను కోసింది, బండ కింద నేలను కోసింది. వంగి చూస్తె పిడి గూడ కనవడ్తలే, సర్రుమని సప్పుడొక్కటే! జర సేపటికి సల్లటి నీళ్లు ఎగజిమ్మినయ్. మా పాల్మాకులల ఎనిమిది వందల అడుగుల బోరేసినా తడి తగలని జాగ అది! ఇయ్యాల్టికి మా గల్లీ అంత ఆ కత్తి బోరు నీళ్లే."

"మరి కత్తి?"

"నీళ్లతోనే ఎగిరొచ్చింది. కడిగే పని గూడ తప్పింది."

సునీల పకపకా నవ్వింది. నవ్వుతూనే ఫోన్‌లో పన్నెండు రాళ్ల సెట్టు వెతికింది. గోరంతను కొండంత చేసినా, ఆ గోరంతన్నా నిజమై ఉండాలి కదా అనుకుంది.

అప్పుడే ఒక విమానం కొట్టు రేకులను అదరగొడుతూ దిగింది. బాలమల్లు గొంతు పెంచాడు.

"పన్నెండో రాయి నాడు గూడ గిట్లనే వచ్చింది! డాబా మీద కూసొని, పదును చూద్దామని కత్తి పైకి లేపిన. అంతే, సప్పుడు రెండు ముక్కలైంది! సగం రాజేంద్రనగర్ దిక్కు వోయింది, సగం షాద్‌నగర్ దిక్కు. నడుమ విమానం పిల్లి లెక్క దిగింది. లోపలోళ్లకు దిగినట్టే తెల్వక గంటసేపు బెల్టులు ఇప్పలే! అందుకే చెప్తున్న బిడ్డా, పన్నెండు రాళ్లు లేనిది కత్తి ముట్టకు. ఒత్తు, ఆ బటన్ ఒత్తు."

సునీల వేలు బటన్ దాకా వెళ్లింది.

"జర ఆగమ్మా," అన్నాడు యోనా. అప్పటిదాకా ఆయన చాయ్ వడపోస్తూనే అన్నీ విన్నాడు. ఇప్పుడు ఆరు పింగాణీ కప్పులు తెచ్చి బల్ల మీద బోర్లించాడు. కప్పు అడుగున మెరుపులేని గరుకు అంచు ఉంటుంది కదా, దాని మీద నల్లటి గీతలు. ఐదింటికి ఆ అంచు ఒకపక్క అరిగిపోయింది కూడా.

"మల్లన్నా, ఐతారం ఐతారం చికెన్ కొనవొయ్యే ముంగట, నా కప్పుల అడుగుకు కత్తి నూరుకునేది ఎవరు? నీ పన్నెండు రాళ్ల డబ్బాకు ప్లాస్టిక్ కవరే ఇప్పలేదట గద. తలుపు కొట్టుకోకుంట అడ్డం వెట్టినమని కొండమ్మక్క నిన్ననే చెప్పింది."

గోవర్ధన్ బిస్కెట్ తెగి చాయ్‌లో పడింది. బాలమల్లు మీసం సవరించుకున్నాడు, సవరించేందుకు ఏమీ లేకపోయినా.

"పన్నెండిట్ల ఏది ముందో తెల్వలే బిడ్డా," అన్నాడు మెల్లగా. "అడిగితె నవ్వుతరని అడగలే."

సునీలకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. తానూ ఆ భయంతోనే వారం రోజులు ఎవర్నీ అడగలేదు. సంచిలోంచి కత్తి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"అయితె కప్పు మీదనే చూపియ్యి బాపూ."

ఆయన అరగని ఆరో కప్పు అడుగున నాలుగు చుక్కల నీళ్లు చల్లి, కత్తిని కొంచెం వాల్చి, ఆ వాలు చెదరకుండా ఇటు పదిసార్లు, అటు పదిసార్లు లాగాడు. అంతసేపూ నోరు మెదపలేదు. ఆ బల్ల మీద అట్లాంటిది జరగడం అదే మొదలు. సునీల కత్తి పెట్టగానే బొప్పాయి ముక్క చెదరకుండా విడివడింది. ఆమెకు నలభై డబ్బాలూ నిండినంత సంతోషమైంది.

"రేపటికి ఇంట్ల కప్పే చాలు," అన్నాడు బాలమల్లు. "కొంటె ఒక్క రాయి కొనుక్కో. ఒక దిక్కు గరుకు, ఇంకో దిక్కు నున్నగ. పన్నెండెందుకు?"

ఆమె ఆ ఒక్క రాయే ఆర్డర్ పెట్టింది. ముక్కలు అందరికీ పంచింది. బాలమల్లు తిని, మూతి తుడుచుకొని, కప్పును గాల్లోకి ఎత్తాడు.

"గీ కప్పున్నదే, ఒకసారి దీని మీద నూరిన కత్తి..."

"కప్పు కింద వెట్టి చెప్పు మల్లన్నా," అన్నాడు యోనా. "సాసర్ల సక్కగ నిలవడేది గదొక్కటే మిగిలింది."