ఒక్క దెబ్బకు ఎక్కిన భుజం

అది ఎనభై తొమ్మిది ఎండకాలం. కుంఠా నాకా చౌరస్తా కాడ కరెంటు పోయి సాంచె మగ్గాలన్ని ఆగిపోయినయి. పనోళ్లంత వచ్చి చంద్రభాగ చాయ్ హోటల్ ముంగట కూసున్నరు. వాళ్లల్ల వాసుదేవ్‌కు ఇరవై రెండేండ్లు. మూడోసారి భుజం జారితె, డాక్టర్ ఎక్కిచ్చి, చెయ్యి మెడకు కట్టి పంపిండు. ఆపరేషన్ సంగతి సోమవారం తేల్చుకోవాలె.

"కాకా, మీకు గూడ జారిందంట గద, ఏం జేసిన్రు?" అని సిద్ధరాములును అడిగిండు. మగ్గాలు రిపేరు చేసే సిద్ధరాములుకు గంతే చాలు.

"జారింది బిడ్డా, అబద్ధమెందుకు. దాజీ పేట్ల మగ్గాల కార్ఖానల పనిచేసేటప్పుడు, నూలు చుట్టిన బీము నలుగురు మోసేది, ముగ్గురే వచ్చిన్రు, నాలుగో మనిషిగ నేను పట్టిన. కాలు జారింది, భుజం జారింది. చిన్న ముచ్చటే."

"నలుగురు మోసేదా, ఇద్దరా?" అన్నడు రాజయ్య. ఆయన సిద్ధరాములుతోని ఇరవయ్యేండ్లు పనిచేసిన ముసలి నేతగాడు.

"నలుగురే రాజన్నా, ఆ ముగ్గురు గూడ వదిలిపెడితె ఆఖరికి ఒక్కన్నే మోసిన, యాద్ లేదా? సరే, దవఖానకు పోయిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముగ్గురు డాక్టర్లు నా చుట్టు నిలవడి కొట్లాట! మొదలు ఫోటో తీసిన్రు, ఎముక ఇరిగిందా అని. ఇరగలే. వేళ్లకు తిమ్మిరి ఉన్నదా అని సూదితోని గుచ్చిన్రు. లేదు. ఒకాయన అంటడు, వయసు నలభై దాటింది, జారుడు మొదటిసారి, గుంజి ఎక్కిచ్చి కట్టు కడితె చాలు. ఇంకొకాయన అంటడు, బరువు పని చేసేటోడు, మళ్ల జారుతది, కోసి కుట్టాలె. మూడో ఆయనకు ఏం తోచక నా మొఖం చూస్తడు."

"మీరేమన్నరు కాకా?"

"'జరుగున్రి సాబ్' అన్న. గోడకు ఒక్కటే దెబ్బ! టక్కుమని ఎక్కింది. ఆ చప్పుడుకు స్టేషన్ల పూనా బండి, సీటీ కొట్టిన్రనుకొని కదిలిపోయింది."

"అందుల నువ్వున్నవా అన్నా?" అని నవ్వింది చంద్రభాగ.

"నవ్వకు చెల్లె. బొంబాయి నుంచి పెద్ద డాక్టర్ జీపు పంపిండు. పేషంట్లను లైన్ల నిలవెట్టి, ఎవరికి కట్టు, ఎవరికి కోత, మీరే చెప్పున్రి అన్నడు. నేను భుజం మీద వేలు పెడుత, ఎక్కుతది. మూడొందల మంది! ఒక్కనికి గూడ ఆపరేషన్ పడలే. వాళ్ల కత్తులన్ని తుప్పుపట్టి పోయినయి!"

వాసుదేవ్ మెడ కాడి ముడి విప్పుతున్నడు.

"అయితె నేను సోమవారం పోను కాకా. మళ్ల జారితె మీరే ఎక్కియ్యున్రి. ఇప్పుడు జెర చూడున్రి."



"సిద్ధరాములూ, చెయ్యి ఎత్తు," అన్నడు రాజయ్య.

"ఎందుకన్నా..."

"కుడి చెయ్యి. నెత్తి మీదికి."

చెయ్యి రొమ్ము దాక వచ్చి ఆగింది. పండ్లు బిగవట్టిండు గని పైకి లేవలే. అందరు చూసిన్రు. ఎవ్వరు నవ్వలే.

"కట్టు కట్టుకో బిడ్డా," అన్నడు సిద్ధరాములు మెల్లగ. "నా భుజం ఎక్కనే లేదు. పడ్డనాడు అందరు ఇంటికొచ్చి అడిగితె, గోడకు కొట్టి నేనే ఎక్కిచ్చుకున్న అన్న. శభాష్ అన్నరు. అట్ల చెప్పినంక ఏ మొఖంతోని దవఖానకు పోవాలె? రెండు నెలలు అంగీ కింద చెయ్యి పట్టుకొని తిరిగిన. ఆఖరికి నా పెండ్లాం యమునాబాయి ఏడ్చి గుంజుకపోయింది. ఎన్ని దినాలైంది అని డాక్టర్ అడిగిండు. 'నిన్న' అన్న. ఆడ గూడ అబద్ధమే."

"అయ్యో," అన్నది చంద్రభాగ.

"ఫోటో చూసి నా అబద్ధం ఆయనే పట్టిండు. అప్పుడే వస్తె గుంజి ఎక్కిస్తుంటి, ఇప్పుడు గుంజితె ఎముక ఇరుగుతది, కోసినా మంచిగైతదని భరోసా లేదు, ఇట్లనే ఉండనియ్యి అన్నడు. నన్ను తిట్టలే. తిట్టినా బాగుండు."

"మరి నాకు ఆపరేషన్ అవసరమేనా కాకా?"

"నాకేం తెలుస్తది బిడ్డా. చిన్న వయసు, మూడుసార్లు జారింది. ఎందుకు కోస్తనంటున్నడో నీ డాక్టర్‌నే అడుగు. ఆయన ఏమడిగినా ఉన్నదున్నట్టు చెప్పు. నిన్ను చూసేది గూడ నన్ను చూసిన ఆ డాక్టరే."

వాసుదేవ్ కట్టు ముడి మళ్ల వేసుకున్నడు. "సోమవారం మీరు తోడు రావాలె," అన్నడు.



"ఆ డాక్టర్ నన్ను గుర్తుపడుతడు బిడ్డా," అన్నడు సిద్ధరాములు. "పట్టనీ. వస్త."