నాతో చెప్పని నొప్పి

హలో… ఆ, నేనే… నేనంటే ఆయన కాదు. లోకేశ్వరిని. విజయ్ కుమార్ పెండ్లాన్ని.

ఫోన్ పెట్టద్దు! నువ్వు రెబెకావే గదా… ఐరాలలో కుట్టుమిషన్ షాపు… ఆయన ఫోన్లో నీ పేరే ఉండాది. దినామూ అరగంట, గంట…

ఆయన యాడుండాడా?… నీకెవురూ సెప్పలేదా?

లేడు. పోయి పదహారు దినాలు. ఈ ఫోను ఈ పొద్దే ఆన్ చేసినా. శ్రీహరికోటకి కారు బాడుగకు తోలుకోని పోయినాడు. తిరిగొస్తా, స్టీరింగు మీదనే… గుండె.

…హలో?

…ఏడ్సు. నేనేమీ అనను.

ఒకటే అడుగుతా. మీ ఏసు మీద ఒట్టేసి సెప్పు. మీ ఇద్దరికీ… అదే… సంబంధం…

లేదా? ఒక్కసారి గూడా?… సెయ్యన్నా పట్టుకోలేదా? మూడేండ్లు వచ్చి, కుర్చీలో కూసోని, మాట్లాడి పోయేవాడా? అంతేనా?

ఏం మాట్లాడేవాడు?…

వాళ్ల నాయన బెల్టుతో కొట్టింది… వాళ్లమ్మ పొయ్యేటప్పుడు ఈయన దగ్గర లేంది… ఇవన్నీ నీకు సెప్పినాడా?

నాకా… ఇవేమీ సెప్పలే. బిడ్డలు పండుకుంటే సాలు, దగ్గరికొచ్చేసేవాడు. పన్నెండేండ్లు. ఈదిలో ఆడోళ్లు మొగుడు మొకమే సూడడని ఏడుస్తాంటే, నా మొగుడు నన్ను ఇడిసి ఉండలేడని నాకెంత గర్వమో. అదే ప్రేమ అనుకుంటి. నేను గూడా ఏనాడూ ఏమీ అడగలే.

ఏందీ?… గుండెనొప్పి సంగతి నీకు ముందే తెలుసా? రెండు నెలల్నించీనా?

నువ్వు ఆస్పత్రికి పొమ్మంటే… పోతా పోతా అనేవాడా…

అక్కా… ముందురోజు రాత్రి గూడా ఆయన గుండె మీదనే తల పెట్టుకోని పండుకున్నా. అది దబదబా కొట్టుకుంటాంటే, నా కోసరమే అనుకున్నా.

నాకెందుకు సెప్పలేదంట? నువ్వడిగినావా?…

సెప్పు, పర్లేదు.

…

జబ్బు మనిషని తెలిస్తే… నేను ఆయన్ని దగ్గరికి రానియ్యనని అన్నాడా?

…

లేదక్కా, ఏడవడం లే. దుప్పటి ఇంకా ఉతకలేదు. ఆయన వాసన పోతాదని. దినామూ దాన్నే కప్పుకుంటాండా.

…వద్దు, నువ్వు రావద్దు. ఇంకేమీ సెప్పనూ వద్దు.

పన్నెండేండ్లు పక్కలో ఉండి… ఆయనకి నేను అట్లాంటిదాన్ని అనిపించినానా అక్కా?

…పెట్టేస్తాండా.