మూత మీద పేరు

మెట్టుగూడ చాయ్ కొట్టు బెంచీ మీద, ఒళ్లో స్టీలు డబ్బాతో కూర్చున్నాడు హరికిషన్. మూత మీద అతని పేరే చెక్కి ఉంది. ఒక చెయ్యి డబ్బా మీద, ఇంకోటి ఫోన్ మీద.

"అప్పుడే తెరువకున్రి, ముందుగాల కథ వినున్రి. ఇంట్ల లుక్మీలు చేసిన. మైదా పిండి వత్తి, నాలుగు మూలలుగ కోసి, నడుమ కూర పెట్టి, అంచులు ఒత్తి నూనెల వేసుడు, గంతే. కీమాయి ఇరవై మనకు. ఆలుగడ్డ, క్యారెట్, బఠానీయి ఇరవై మా అత్తమ్మ పుష్పమ్మకు. కార్తీక సోమారం గద, ఆమె ఒక్కపొద్దున్నది. సందెదీపం పెట్టినంకనే తింటది. మా కల్పలత డబ్బా పట్టుకొని బోయిగూడ పోయింది. మూడేండ్లకు మళ్ల నా చేతి తిండి తింటున్నది అత్తమ్మ. గుండె దడదడ అంటున్నది, అబద్ధమెందుకు."

"ఆమె మూడేళ్లు మాట్లాడనిది మీ కోతల వల్లే కదండీ," అన్నాడు పక్కింటి సత్యదేవ్. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి.

"కోతలా? పిండి ఎంత పల్చగ వత్తిన్నో తెలుసా? కింద పేపర్ పెడితే రాశిఫలాలు చదవొచ్చు. ఫ్యాన్ వేసిన్నో లేదో, ఒక పొర లేసి కిటికీలకెళ్లి బయటపడ్డది. మెట్టుగూడ మీద తేలుకుంట పోతుంటే, జెండా అనుకొని ట్రాఫిక్ పోలీసు సలాం కొట్టిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మీ ఇంటామె ఫోన్ చేసింది," అన్నాడు చాయ్ వడపోస్తూ కొట్టాయన విజయేందర్.

"ఇంకా లేదు." హరికిషన్ ఫోన్ వైపు చూసుకున్నాడు, మళ్లీ కథ అందుకున్నాడు. "కీమా వేగుతుంటే వాసన పట్టాల మీదికి పోయింది. పచ్చ సిగ్నల్ ఉన్నా రైలు ఆగింది. డ్రైవర్ దిగొచ్చి, 'సార్, ఒక్కటి' అన్నడు. ఎనక ఇరవై నాలుగు బోగీల జనం దిగిన్రు. తిరుమలగిరి నుంచి మిలిటరోళ్లు లారీల వచ్చి లైన్ కట్టించిన్రు. రెండు వేల మంది తిన్నరు. లెక్క చూస్తే, ఇంకా ఇరవై మిగిలినయ్."

హరికిషన్ ఇంకోసారి ఫోన్ చూసుకుని కొనసాగించాడు.

"కల్పలతకు ఒకటే పరేషాన్. రెండు డబ్బాలు ఒక్క తీరున్నయ్, ఒక మూత మీద అమ్మ పేరు, ఒక మూత మీద నీ పేరు, జెర చూసి పెట్టమన్నది. నాకు చెప్పుడా? కండ్లకు గంతలు కట్టినా వాసనతోని చెప్తా అన్న. నేనే కడిగిన, నేనే నింపిన, మూతలు సుత నేనే పెట్టిన."

"ఆ వాసనేదో మాకూ తగలనివ్వండి," అంటూ సత్యదేవ్ డబ్బా లాక్కుని ఒకటి కొరికాడు. రెండుసార్లు నమిలి ఆగాడు.

"హరికిషన్ గారూ, ఇందులో క్యారెట్ ఉందండీ."

హరికిషన్ ఒకటి విరిచాడు. ఆలుగడ్డ. ఇంకోటి విరిచాడు. బఠానీ కిందపడి దొర్లింది. మూత తిప్పి తన పేరు తనే చదువుకున్నాడు. ఎదురింట్లో తులసి కోట దగ్గర దీపం వెలిగింది.

ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. "కల్పా, అత్తమ్మను తిననియ్యకు. అండ్ల కీమా ఉన్నది."

"అమ్మ దీపం పెట్టి ఇప్పుడే పీట మీద కూసున్నది. మళ్ల షురూ చేసినవా నీ కోతలు? ఇయ్యాలన్న బంద్ పెట్టు."

ఫోన్ కట్టయింది. మళ్లీ చేశాడు, ఎత్తలేదు. ఇంకోసారి చేశాడు, స్విచాఫ్.

"నిజం చెప్పిన. ఒట్టు, నిజమే చెప్పిన," అన్నాడు హరికిషన్, అందరి ముఖాల వంక చూస్తూ.

సత్యదేవ్ చాయ్ గ్లాసు కింద పెట్టి మెల్లగా అన్నాడు: "ఇందాక ఆపారు కదండీ, ఆ రైలు ఇంకా అక్కడే ఉందేమో చూడండి. బోయిగూడకి అదైతే తొందరగా వెళ్తారు."