మారెక్క పిలిచే బాయి

ఎర్రగుట్ట దారిలో కలబంద కంచె దాటినాక ఎడమపక్కన ఒక బాయి ఉంటుంది చూడండి, గట్టు మీద రెండు రాతి స్తంభాలు వంకరగా నిలబడి ఉంటాయి, మధ్యలో గిలక మాత్రం ఉండదు, ఆ బాయి సంగతే నేను చెప్పేది. కొంచెం దగ్గరికి జరగండి, నాకు గట్టిగా చెప్పే గొంతు లేదు. ఎండ నడినెత్తికి వచ్చే పొద్దుకు మేకలోళ్లు కూడా మందను ఆ పక్కకు పోనీరు. దాంట్లో నీళ్లు లేవా అంటే, ఉన్నాయి. ఊర్లో బాయిలన్నీ ఎండిన ఏడు కూడా ఉన్నాయి. మరి ఎవరూ ఎందుకు తోడుకోరు?

ఆ బాయి తవ్వింది సుంకన్న, అతని పెళ్లాం మారెక్క. ఇద్దరే. వాళ్లకు ఎద్దులు లేవు, కూలోళ్లను పెట్టుకునే స్తోమత లేదు, అందుకని చేన్లో కలుపుకు గుంటక తోలాలంటే సుంకన్న మేడి పట్టుకుంటే మారెక్క ముందు నిలబడి తాడు భుజానికేసుకొని లాగేది. దారిన పోయేవాళ్లు ఊరుకుంటారా, ఏమిరా సుంకన్నా, ఎద్దుకు గాజులు తొడిగినావే అనేవాళ్లు. ఆయప్ప ఏమీ అనుకోడు, నా ఎద్దు అలిగిందంటే రాత్రికి సంగటి ఉండదు మామా, మెల్లగా మాట్లాడు అనేవాడు. మారెక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేది, అంతే, మాట బయటికి వచ్చేది కాదు.

ఆమెకు సిగ్గు ఎంతంటే, పెళ్లయి అత్తగారింటికి వచ్చిననాడు ఆడబిడ్డలు గడప దగ్గర నిలేసి, మొగుని పేరు చెప్పి లోపలికి రా అన్నారు. అందరి చేతా చెప్పిస్తాము కదా, తల వంచుకొని చిన్నగా చెప్పి వచ్చేస్తాము. ఈమె చెప్పలేదు. మొగుని పేరు నోటితో అంటే ఆయప్ప ఆయుష్షు తరుగుతుందని వాళ్లమ్మ చెప్పి పంపింది. పొద్దు గూట్లో పడేదాకా బయటే నిలబడితే, చూడలేక అత్తే చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయింది. ఆడబిడ్డలు మాత్రం, పోవే, ఎప్పుడో ఒకనాడు చెప్పక తప్పదు నీకు అన్నారు. నవ్వులాటకే అన్నారు పాపం.

ఇంక ఆ ఏడు ఏమయిందంటే, శెనక్కాయ ఊడలు దిగి కాయ పట్టే పొద్దుకు వాన మొహం చాటేసింది. ఒక్క తడి పడితే పంట చేతికొస్తుంది, పడకుంటే వాళ్లిద్దరూ ఊరొదిలి వలసపోవాలి. అందుకే ఆ బాయి. సుంకన్న లోపల గడ్డపారతో తవ్వి మట్టి గంపకెత్తి తాడు ఊపుతాడు, పైన మారెక్క గిలక మీద లాగి పారబోస్తుంది. మధ్యాన్నమైతే బాయిలోకి వంగి, ఏమయ్యో, సంగటికి రా అని పిలుస్తుంది, ఆయప్ప ఓ అని పలుకుతాడు. చుట్టుపక్కల చేండ్లలో వాళ్లకు అదే గడియారం, మారెక్క పిలిచిందిరా, ఇంక మనమూ చెయ్యి కడుగుదాం అనుకునేవాళ్లు.

అట్ల తవ్వుకుంటా పోతే అడుగున బండ అడ్డం పడింది. బండలు పగలగొట్టే వడ్డె నరసప్పను పిలిపించి పొద్దున్నే తూటా పేల్పించినారు. నరసప్ప పోతా పోతా, పొగ చెడ్డది, రేపటిదాకా దిగొద్దండి అని చెప్పి పోయినాడు. చెప్పినాడా లేదా, చెప్పినాడు. అయితే కాసేపటికి అడుగున జలజలమని సద్దు వినపడింది. నీళ్లు! ఇంక సుంకన్నకు కాలు నిలుస్తుందా? వేపమండలు తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడించినారు, పొగ పోతుందని. లాంతరు వెలిగించి దించినారు, సగానికి పోయి ఆరిపోయింది. మారెక్క తాడు గట్టిగా పట్టుకొని, వద్దయ్యా, రేపు చూద్దాం అంది. రేపటికి శెనక్కాయ చెట్టు బతికుంటుందామే, లాంతరు గాలికి ఆరిందిలే అన్నాడు, దిగినాడు.

గడ్డపార సద్దు కాసేపు వినపడింది, ఆ తర్వాత నిలిచిపోయింది. తాడు ఊపితే తిరిగి ఊపేవాడు లేడు. లాగితే ఉత్త గంప వచ్చింది. అప్పుడు ఆమె ఏమయ్యో, ఏమయ్యో అని అరిచింది, గొంతు చీలేటట్టు అరిచింది. పక్క చేండ్లలో వాళ్లు విన్నారు, వినలేదని కాదు. మారెక్కకు ఈరోజు ఆకలి ముందే అయినట్టుందే అని నవ్వుకొని కలుపు తీసుకుంటా ఉన్నారు. పేరు పెట్టి అరిచి ఉంటే ఒక్క పరుగున వచ్చేవాళ్లు. ఆమె అట్ల ఎందుకు అరవలేదు? ఆయుష్షు తరుగుతుందని. లోపల మొగుడు చస్తా ఉంటే, మొగుడు బతకాలని పేరు పలకలేదు.

ఆఖరికి పలికింది. సుంకన్నా అని ఒక్క కేక. ఆ నోట ఆ పేరు ఎవరూ ఎన్నడూ విని ఉండలేదు కదా, అందరూ ఉన్నపళంగా లేచి ఉరికినారు. వచ్చి చూస్తే గిలక దగ్గర ఎవరూ లేరు. తాడు స్తంభానికి కట్టి ఉంది, బాయిలోకి వేలాడుతా ఉంది.

మరునాడు పొగ పోయినాక తీసినారు ఇద్దరినీ. ఆమె చెయ్యి ఆయప్ప మొలతాడును పట్టుకొనే ఉంది, విడదీయలేక అట్లే పూడ్చినారు. బాయిలోకి నీళ్లు నిండుగా వచ్చినాయి. గట్టు పక్కనే శెనక్కాయ చేను నిలువునా ఎండిపోయింది. ఆ నీళ్లు ఎవరు తోడతారు చెప్పండి?

తర్వాత గిలక పీకేసినారు. అయినా మధ్యాన్నం పూట కిర్రుకిర్రుమని సద్దు వస్తుంది. దాని వెనకనే, ఏమయ్యో అని పిలుపు. మా పెదమామ కొడుకు గంగులప్ప, కొత్తగా పెళ్లయినోడు, ఆ దారిన పోతా పెళ్లామే సంగటి తెచ్చిందనుకొని, ఓ, వస్తాండా అని పలికినాడు. వెతుక్కుంటా పోయినవాళ్లకు గట్టు మీద కనపడినాడు, ఉత్త గాలిని రెండు చేతులా లాగుతా ఉన్నాడు. బరువుగా ఉందన్నా, ఒక చెయ్యి పట్టండి అన్నాడంట. అరచేతులు చూస్తే తాడు ఒరుసుకొని తోలు లేచిపోయి ఉంది. తాడు మాత్రం లేదు. ఇంటికి తెచ్చి పడుకోబెట్టినా ఆ చేతులు లాగుతానే ఉన్నాయి. వాడు అమావాస్య దాటలేదు.

అందుకే మన ఊరి ఆడోళ్లు చేనికాడ మొగుణ్ణి పేరు పెట్టి కేకేస్తారు. పక్క ఊరోళ్లు చూసి, సిగ్గు లేదని నవ్వుతారు, నవ్వనీ. మగోళ్లు కూడా గుర్తు పెట్టుకోండి, పేరు లేని పిలుపుకు పలకొద్దు. ఇంత చెప్పినాక కూడా ఆ పక్కకు పోయేవాడుంటే పొండి, నేను అడ్డం పడను. మిమ్మల్ని పైకి తీసేదానికి మాత్రం ఈ ఊర్లో ఎవరూ తాడు ఇవ్వరు.