మూడో మంచం, తొమ్మిదో మంచం

తైవాన్‌లో వెల్లుల్లి పండించే ఒక పల్లె. ముందుగదిలో ఆ-తెక్ ఫోటో ఎదుట, అతను పోయిన వందో రోజు భోజనం పెట్టారు. అతని భార్య బీ-హూయ్ టీచరు వంటింట్లోంచి కదలడం లేదు. పిలవడానికి కూతురు షిన్-లాన్ వచ్చింది.

"నాన్న పోయిన రోజు పొద్దున్నుంచీ మళ్ళీ చెప్పు."

"ఇప్పుడా అమ్మా? బాబాయి అగరబత్తులు వెలిగించాడు. నువ్వు రాందే మొదలుపెట్టనని నిలబడ్డాడు. నాన్నకిష్టమని వేయించిన చేప చల్లారిపోతోంది."

"ఆయనకి చల్లారినా ఒకటే. చెప్పు, వస్తాను."

"ఎన్నిసార్లని చెప్పను?"

"పదకొండుసార్లు చెప్పావు. పదకొండుసార్లూ అవే మాటలు. బడిలో పాఠం అప్పజెప్పే పిల్లలు కూడా అక్కడక్కడా తడబడతారు. నువ్వు తడబడవు."

"టీచరమ్మవి. తప్పు లేకపోయినా తప్పే నీకు."

"చెప్పమ్మా."

"సరే. పదకొండింటికి ఐసీయూ లోపలికి వదిలారు, అరగంట. నాన్న ఇంక నిలవడని డాక్టరు చెప్పాడు. అయితే ఊపిరి ఉండగానే సొంత కప్పు కిందికి చేర్చాలన్నాడు బాబాయి. అంబులెన్సు మాట్లాడాం. గొట్టంలోకి గాలి కొట్టడానికి ఒక నర్సు వెంట వచ్చింది. ప్రాణం దారి తప్పకూడదని, వంతెన వచ్చినప్పుడల్లా 'నాన్నా, వంతెన దాటుతున్నాం' అని చెప్పాను. రెండు వంతెనలు. ఇల్లు వచ్చింది. ముందుగదిలో పడుకోబెట్టాం. గొట్టం తీశారు. అంతే."

"నన్ను వదిలేశావు."

"ఏంటి?"

"పదకొండింటికీ అంబులెన్సుకీ మధ్య నేనున్నాను. ఒకటే లారీ ఇద్దరినీ గుద్దింది, ఒకటే వార్డులో పడేశారు. ఆయనది మూడో మంచం, నాది తొమ్మిది."

"నీకు స్పృహ లేదమ్మా అప్పుడు."

"స్పృహ లేదనకు. ఉంది. తప్పుగా ఉంది. మంచం కింద నీళ్ళు పెరుగుతున్నాయి. నర్సులు నన్ను చేపల బజారుకి మోసుకెళ్ళి తూకం వేశారు. అవి జరగలేదని ఇప్పుడు నాకు తెలుసు."

"నువ్వు చూపించుకునే డాక్టరమ్మ చెప్పింది కదా, ఐసీయూ నుంచి బయటపడ్డవాళ్ళలో చాలామందికి ఇలాగే..."

"ఆవిడే కాగితం మధ్యలో గీత గీయమంది. ఒకవైపు జరిగినవి, ఇంకోవైపు జరగనివి. నీళ్ళు అటు. చేపల బజారు అటు. చేతులు మంచానికి కట్టెయ్యడం ఇటు. అన్నీ రాశాను. ఒక్కటి మిగిలింది. ఎటు రాయాలో అక్కడున్నవాళ్ళని అడగమంది. అక్కడున్నది నువ్వు."

"అది జరగలేదు."

"ఏది?"

"నువ్వనుకుంటున్నది."

"నేనేమనుకుంటున్నానో నీకెప్పుడూ చెప్పలేదే."

"నిద్రలో అంటావుగా. పో, పో అంటావు. కుడిచెయ్యి గోడకేసి కొడతావు. పక్కగదిలో నాకు వినపడదా?"

"అయితే మెలకువగా ఉన్నప్పుడు కూడా విను. ఒక మనిషి వచ్చాడు. మొహం తడిమట్టి ముద్దలా ఉంది. నా కుడిచెయ్యి పట్టుకున్నాడు. ఉంగరం కోసం వచ్చాడనుకున్నాను. గోళ్ళతో చీరాను. గోళ్ళ కింద చర్మం చేరింది, వెచ్చగా. తోసేశాను. ఇంటికి పోతున్నాడని ఎవరో అన్నారు, ఏడుస్తూ. అది మీ నాన్న కదూ."

"కాదు."

"మొన్న చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు నర్సునడిగాను. భార్యాభర్తలిద్దరూ ఆ వార్డులోనే ఉంటే, ఒకరిని ఇంటికి తీసుకుపోయే ముందు మంచాలు పక్కపక్కన పెట్టి చేతులు కలిపిస్తారట."

"కలిపిస్తారేమో. మాకు టైము లేదు."

"ఇరవై అడుగులు తోయడానికి టైము లేదా?"

"అమ్మా, బాబాయి అక్కడ..."

"నిలబడనీ. ముప్ఫయ్యొక్క ఏళ్ళు నాతో ఉన్న మనిషి, షిన్-లాన్. పొలం నుంచి వచ్చి ఎంత కడుక్కున్నా ఆ చేతులకి వెల్లుల్లి వాసన పోయేది కాదు. ఆఖరిసారి నా దగ్గరికొస్తే చీరి పంపించాను. ఆ చేత్తోనే అగరబత్తి పట్టుకోమంటున్నావు. అన్నం కుక్కరు టక్కుమంటే గుండె ఆగిపోతోంది, అది భరిస్తాను. కళ్ళు మూస్తే నీళ్ళొస్తున్నాయి, మాత్ర మింగుతాను. దీనికి మాత్ర లేదు. అవునో కాదో చెప్పు. నా మొహం చూసి చెప్పు."

"చూసే చెప్తున్నాను. నాన్నని నువ్వు గీరలేదు."

"మరి నా గోళ్ళ కింద చేరిందేంటి? అది కూడా అటువైపే రాయమంటావా? నీళ్ళ పక్కన?"

"వద్దు."

"మరి?"

"ఆ చెయ్యి నాదమ్మా."

"ఏంటి?"

"నాన్న కంటే ముందు నీ దగ్గరికి నేనొచ్చాను. నోట్లో గొట్టం పీక్కుంటున్నావని నీ చేతికి దూది కుక్కిన పెద్ద గ్లవ్ తొడిగి మంచానికి కట్టేశారు. అవి విప్పమని నర్సుని బతిమాలాను. నాన్న చెయ్యి నీ చేతిలో పెట్టాలి, గుడ్డ మీద పెడితే ఏం బాగుంటుందని. ఆవిడ వద్దంది, నేనే వినలేదు. విప్పాక నీ చెయ్యి పట్టుకున్నాను. అమ్మా, నాన్న ఇంటికి పోతున్నాడు అన్నాను. నాకు మాస్కు, టోపీ, మొహానికి ప్లాస్టిక్ అడ్డం. ఎలా కనపడ్డానో."

"నువ్వా."

"ఇదిగో, మూడు గీతలు. మానిపోయాయి."

"ఇన్నాళ్ళూ... నా చెయ్యి గోడకేసి కొట్టుకుంటుంటే వింటూ పడుకున్నావా? నువ్వని ఒక్కమాట అంటే సరిపోయేది కదే. నువ్వెదురుగా ఉన్నావు, నిన్ను క్షమించమని అడగగలను. రా, ఆ చెయ్యి ఇలా ఇవ్వు."

"అమ్మా, ముందుగదికి పోదాం పద. నీ చేతికి ఏ పాపమూ లేదు. ఇంక చాలు."

"ఉండు. అయితే ఆయన తరవాత వచ్చారన్నమాట. నాకది గుర్తు లేదు. అప్పటికి నేను నిద్రలో ఉన్నానా?"

"పద అమ్మా."

"ఆయన చెయ్యి నా చేతిలో పెట్టావా? షిన్-లాన్, చెప్పు. నేను నిద్రలో ఉన్నా సరే, ఒక్క నిమిషమైనా సరే. అది ఇటువైపు రాసుకుంటాను. పెట్టావా?"

"నువ్వు కాళ్ళు తన్నుకుంటున్నావు. గొట్టంతో గొంతు రావట్లేదు, నోరు మాత్రం ఇంతలా తెరుస్తున్నావు. ఇద్దరు నర్సులు నిన్ను అదిమిపట్టి మళ్ళీ గ్లవ్ తొడుగుతున్నారు. నా చేతినుంచి రక్తం కారుతోంది. అప్పటికే నాన్న మంచాన్ని తోసుకొస్తున్నారు. ఆరో మంచం దగ్గర ఆపి, దగ్గరికి తెమ్మంటారా అని నన్నడిగారు. బాబాయి నా వైపే చూశాడు."

"నువ్వేమన్నావు?"

"నాకు భయమేసింది."

"ఏమన్నావు?"

"వద్దన్నాను. మంచం వెనక్కి తిప్పించాను. మీరిద్దరూ సెలవు తీసుకోలేదమ్మా."