తూటా ఖర్చు లేని వేట

"వేటకి డబ్బెందుకయ్యా, తెలివుండాలి గానీ!" అని ఊరి పెద్దాయన దోన్ బెనిగ్నో అనేసరికి నసరేనో తన కుర్చీని కాస్త ముందుకి లాక్కున్నాడు. పాపం, ఆ పూట ఆ మాట అతనికి మందులా పనికొచ్చే మాట.

ఎందుకంటే అతని తుపాకీ అప్పటికే పెత్రోనా కొట్టు గోడకి ఆనించి ఉంది. పొద్దు వాలేలోగా పక్క ఊరి ఆసామి వచ్చి కొనుక్కుపోతాడు. ఇంట్లో నూతి మోటారు కాలిపోయింది. తూటాలకీ పెట్రోలుకీ కుక్క తిండికీ పోసి పోసి ఆదివారం వేట సరదా కొంప గుల్ల చేస్తోందని నసరేనో తనంతట తనే తేల్చుకున్నాడు. భార్య ఎర్మీనియా ఔననలేదు, కాదనలేదు. తీరా చూస్తే అది తాత తుపాకీ, ఇవ్వడానికి చెయ్యి రావడం లేదు. చవగ్గా వేటాడే దారి ఒక్కటి దొరికితే చాలు, ఆ ఆసామిని వచ్చిన దారినే పంపించెయ్యొచ్చు.

మే నెల, అక్కడ చలికాలం మొదలయ్యే రోజులు. పంపా మైదానం మీంచి చలిగాలి ఈడ్చి కొడుతోంది. వసారాలో కూర్చున్నవాళ్ళకి పెత్రోనా వేడి వేడి మాతే ఆకు కషాయం పోసిస్తోంది. అందరికీ ఒకటే సొరబుర్ర, ఒకటే గొట్టం. తాగినవాడు తిరిగిస్తేనే పక్కవాడికి వంతు. ఆ బుర్ర ఇప్పుడు బెనిగ్నో చేతిలో చిక్కుకుపోయింది.

"పోయిన శీతాకాలం నా దగ్గరున్నది ఒకే ఒక్క తూటా. ఎదురుగా రెండు కుందేళ్ళు. వేరేవాడైతే ఒకదాన్ని కొట్టి రెండోదాని కోసం ఏడుస్తాడు. నేను కదల్లేదు. రెండూ ఒక వరసలోకి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నా. ఢాం! ఒక తూటా, రెండు కుందేళ్ళు."

ఇదేదో జరిగే పనే అనిపించింది నసరేనోకి. "మరి కుక్క తిండి సంగతో?"

"కుక్కెందుకురా అబ్బాయ్? నేను ములీటాని మప్పాను. వీపున పెంకేసుకుని బొరియలు తవ్వుకుంటూ తిరుగుతుందే, ఆ జంతువే. దాని చీమలు అదే ఏరుకు తింటుంది, మనకి పైసా ఖర్చు లేదు. వాసన పట్టిందంటే ముందుకాలెత్తి కొయ్యబొమ్మలా నిలబడిపోయేది. ఒకనాడు ఇంత అడవిపందిని లేపింది. పంది మీదికొచ్చింది. ఇది చటుక్కున బంతిలా చుట్టేసుకుంది…"

"ములీటా చుట్టుకోదుగా!" అన్నాడు ట్రాక్టరు నడిపే లిసాండ్రో.

"నీది చుట్టుకోదు. నాది మప్పిన ములీటా. పంది దాని మీద కాలేసి జారి బోర్లా పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను దాని వీపెక్కి తోక పట్టేసుకున్నాను. అది లేచి పరుగు! తోక ఎడమకి తిప్పితే ఎడమకి, కుడికి తిప్పితే కుడికి! తిన్నగా మా గేటు ముందు దింపింది. పెట్రోలు ఖర్చూ పోయింది."

"మరి పందిని చంపలేదా?" నసరేనో బుర్ర గోక్కున్నాడు.

"ఎలా చంపుతానోయ్? మర్నాడు మళ్ళీ వేటకెళ్ళాలి కదా. ఎక్కే బండిని ఎవడైనా కోసుకు తింటాడా?"

"బుర్ర ఇటియ్యి మహానుభావా, అది మైకు కాదు!" అని లిసాండ్రో చెయ్యి చాపాడు. బెనిగ్నో ఇవ్వలేదు సరికదా, ఖాళీ గొట్టాన్ని ఇంకోసారి గుర్రుమని పీల్చాడు.

నసరేనోకి అంతా గందరగోళంగా ఉంది. పంది వేటకి పంది మీదే వెళ్ళడమేమిటి? పోనీ అని అసలు సంగతి కదిపాడు. "అన్నీ సరే గానీ, ఆ ఒక్క తూటా అయినా కొనాలిగా?"

"అక్కడికే వస్తున్నా. ఆ కుందేళ్ళది ఎవరో ఊరికే ఇచ్చింది. నా పెళ్ళినాడు పేల్చిన తూటాయే నేను కొన్న ఆఖరి తూటా. మిగతా వేటంతా దాని ప్రతిధ్వనితోనే."

"ఇక్కడ కొండే లేదే, ప్రతిధ్వని ఎక్కడిది?"

"కొండ లేదు గనకేరా! అడ్డుంటే ఆగిపోయేది. ఈ మైదానంలో ఆపేదేముంది? ఆ చప్పుడు భూమంతా చుట్టొచ్చి ఏటా ఈ రోజుల్లోనే మా పెరట్లోకి దిగుతుంది. దాన్ని సీసాలో పట్టి బిరడా బిగిస్తాను. పొలంలో బిరడా తీశానా, ఢాం! కౌజు పిట్టలు గుండె ఆగి టపటపా రాలతాయి. ఒంటి మీద గాయం కూడా ఉండదు."

"అంటే… అసలు తుపాకీయే అక్కర్లేదా?"

"శుభ్రంగా అమ్మెయ్! ఒక సీసా నీకు అరువిస్తాలే."

నసరేనో కుర్చీని మళ్ళీ వెనక్కి జరుపుకున్నాడు. తుపాకీ నిలబెట్టుకునే దారి చెబుతాడని వస్తే ఈయన అమ్మే దారి చూపిస్తున్నాడు. ఈలోగా బెనిగ్నో కోటు జేబులోంచి ఒక గాజుసీసా తీశాడు. వెనిగర్‌లో ఊరేసిన కౌజు మాంసం.

"వేటమాంసంలో సీసపుగుండు పంటికి తగలాలి, తగిలితే కంచంలోకి ఠంగుమని ఉమ్మాలి. ఈ ఊళ్ళో పుట్టినవాడెవడికైనా తెలిసిన ముచ్చటే కదా? ఇది తిని చూడు, ఒక్కటి తగిలితే అడుగు."

నసరేనో అయోమయంగానే ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. టక్కుమంది. తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. గుండ్రంగా లేదు, నలుపలకలుగా ఉంది. కొన్న గుళ్ళు ఖరీదని పాత సీసపు గొట్టాన్ని కత్తెరతో ముక్కలు చేసి తూటాల్లో కూరుకునేవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ నసరేనోయే.

"ఇది నాదే! మీ ప్రతిధ్వనిలోకి నా గుండు ఎలా వచ్చింది?"

"నీ పొలం మీంచి వచ్చేటప్పుడు… అంటుకునుంటుంది," అన్నాడు బెనిగ్నో, ఈసారి గొంతు తగ్గించి.

పెత్రోనా కెటిల్ కింద పెట్టి పడీ పడీ నవ్వింది. "పొద్దున నా కొట్లోనే కొన్నాడయ్యా ఆ సీసా! ఎర్మీనియా ఊరేసి తెచ్చినది."

"ఆ సీసాలు తన చెల్లెలికి పంపుతోందనుకున్నానే!" అన్నాడు నసరేనో.

"చెల్లెలికా! మీ ఇంటికొచ్చే పంచదారా నూనే మాతే ఆకూ, ఆఖరికి నీ కుక్క తిండీ, అన్నీ ఆ సీసాలకి బదులుగా నేనిచ్చినవే కదయ్యా. చెబితే ఒక్కటి మిగల్చకుండా స్నేహితులకి పంచేస్తావని నీ దగ్గర నోరు మెదపలేదు. నిన్న కూడా వచ్చి, తుపాకీ పోతే ఇంక నీ కొట్టుకి ఏం తెచ్చివ్వనే అని నా దగ్గర బెంగ పెట్టుకుంది."

నసరేనో కాసేపు ఆ గుండునీ, పెత్రోనానీ, సీసానీ మార్చి మార్చి చూశాడు. లేచి తుపాకీ భుజానికి తగిలించుకున్నాడు.

"ఆసామి వస్తే ఏం చెప్పమంటావ్?" అన్నాడు లిసాండ్రో.

"అమ్మడం లేదని చెప్పు. నేను ఇంటికెళ్ళి ఎర్మీనియాని అడగాలి."

"ఏమని?"

"ఆదివారానికి ఎన్ని కౌజులు కావాలో."

అతను వసారా మెట్లు దిగుతుంటే వెనక నుంచి దోన్ బెనిగ్నో కేకేశాడు. "అబ్బాయ్! నా వంతు రెండు సీసాలు వేరేగా పెట్టించు… ఈసారి గుళ్ళు ఏరి మరీ ఊరెయ్యమను!"